క్రైస్తవ విశ్వవిద్యాలయంలో వ్యాపార నిర్వహణ డిగ్రీ: ఒక వేదాంత విమర్శ

ఉపోద్ఘాతం

మన సంఘాలలో ఇంటర్మీడియెట్ ముగించిన యౌవనస్థులలో చాలామంది నేడు బి.బి.ఏ. వైపు చూస్తున్నారు. క్రైస్తవ విశ్వవిద్యాలయంలో సీటు దొరికితే తల్లిదండ్రులు దానిని దేవుని నడిపింపుగా భావించి స్తుతి కూడిక కూడా పెట్టుకుంటారు. సంస్థ క్రైస్తవులదైతే అక్కడ బోధించే వ్యాపార విద్య కూడా క్రైస్తవ విద్యయే అనే నమ్మకం దీని వెనుక ఉన్నది. ఈ నమ్మకానికి ఎంతవరకు ఆధారమున్నదో ఈ వ్యాసంలో పరిశీలిస్తాము. వ్యాపారం పాపమని చెప్పుట మా ఉద్దేశం కాదు. లూదియ ఊదారంగు పొడి అమ్మేది; అకుల, ప్రిస్కిల్లలు డేరాలు కుట్టేవారు. ప్రశ్న వ్యాపారాన్ని గూర్చి కాదు, దానిని క్రైస్తవ నామమున బోధించే విధానాన్ని గూర్చి.

1. ఈ డిగ్రీ ఎక్కడనుండి వచ్చినది?

వ్యాపారాన్ని విశ్వవిద్యాలయ విద్యగా మొదట నిలిపినది అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం. క్వేకర్ కుటుంబంలో పుట్టిన జోసెఫ్ వార్టన్ అనే పారిశ్రామికవేత్త ఇచ్చిన విరాళంతో 1881లో అక్కడ వార్టన్ స్కూలు ప్రారంభమైనది. 1959లో ఫోర్డ్, కార్నెగీ సంస్థల తరఫున వెలువడిన రెండు నివేదికలు డిగ్రీస్థాయి వ్యాపార విద్యను తీవ్రంగా విమర్శించాయి. విద్యార్థికి విశాలమైన జ్ఞానం ఇవ్వకుండా ఇరుకైన ఉద్యోగ శిక్షణగా అది మారిపోయినదని వాటి సారాంశం. అయినను నేడు అమెరికాలో ఇచ్చే డిగ్రీలలో సుమారు అయిదవ వంతు వ్యాపార విభాగానివే. అక్కడి క్రైస్తవ కళాశాలలు కూడా ఈ ప్రవాహంలోనే ఉన్నాయి.

మన దేశం సంగతి చూద్దాము. బెంగళూరులో సి.ఎం.ఐ. సభకు చెందిన కథోలిక సన్యాసులు 1969లో స్థాపించిన క్రైస్ట్ కళాశాల 2008లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా పొందినది. వ్యాపార నిర్వహణ విద్యకు అది పేరుపొందినది. మన తెలుగు పిల్లలు కూడా అక్కడికి వెళుతున్నారు. 2024-25 నుండి బి.బి.ఏ. కోర్సులు ఎ.ఐ.సి.టి.ఇ. పరిధిలోకి వచ్చాయి. కనుక సంస్థ ఎవరిదైనను అకౌంటెన్సీ, మార్కెటింగ్, ఫైనాన్స్, మానవ వనరుల నిర్వహణ అనే ప్రధాన పాఠ్యాంశాలు ఇంచుమించు ఒక్కటే. మరి క్రైస్తవ ప్రత్యేకత ఎక్కడ? సాధారణంగా అది ప్రార్థనా మందిరానికి, నైతిక విలువల పీరియడుకు పరిమితమవుతున్నది. తరగతి గదిలో లాభం ఏలుతుంది, మందిరంలో ప్రభువు ఏలుతాడు. ఈ విభజన క్రీస్తు ప్రభుత్వాన్ని గూర్చిన మన ఒప్పుకోలుకు సరిపడదు.

2. రెండు వేదాంత సమర్థనలు

ఈ లోటు పూరించుటకు జరిగిన ప్రయత్నాలలో రెండు పుస్తకాలు గమనింపదగినవి. మొదటిది వేన్ గ్రూడెమ్ 2003లో ప్రచురించిన 'బిజినెస్ ఫర్ ది గ్లోరీ ఆఫ్ గాడ్'. ఆస్తి, లాభం, పోటీ, అప్పు, ఆస్తులలో వ్యత్యాసం మొదలైనవి మూలతః మంచివని, వాటి ద్వారా దేవుని మహిమపరచవచ్చునని, అదే సమయంలో వాటిలో శోధన కూడా ఉన్నదని ఆయన వాదన. వ్యాపారస్థుడైన విశ్వాసి తాను రెండవ తరగతి క్రైస్తవుడనని భావించనక్కరలేదని చెప్పుటలో ఆయన మేలు చేశాడు. అయితే ఆస్తులలో వ్యత్యాసాన్ని వరముల వ్యత్యాసంతోను, నమ్మకత్వానికి తగిన బహుమానంతోను ముడిపెట్టి చూచుట మన నేలపై నిలువదు. తరతరాలుగా భూమి దక్కని మాల, మాదిగ కుటుంబాల పేదరికం వరముల కొరతవలన కలిగినది కాదు. కుల వ్యవస్థ కట్టిన గోడ అది. యోబెలు సంవత్సరమున భూమి మరల అసలు కుటుంబానికి చేరవలెనని లేవీయకాండము 25వ అధ్యాయము ఆజ్ఞాపించినది, వ్యత్యాసము దానంతట అది న్యాయము కాదని ఎరిగియే.

రెండవది జెఫ్ వాన్ డ్యూజర్ 2010లో వ్రాసిన 'వై బిజినెస్ మ్యాటర్స్ టు గాడ్'. రచయిత సియాటిల్ పసిఫిక్ విశ్వవిద్యాలయంలో వ్యాపార విభాగానికి డీన్‌గా పనిచేసినవాడు. సృష్టి, పతనం, విమోచన, సమాప్తి అనే లేఖన క్రమంలో ఆయన వ్యాపారాన్ని పరిశీలిస్తాడు. సమాజం వర్ధిల్లుటకు కావలసిన సరుకులు, సేవలు అందించుట, మనుష్యులకు అర్థవంతమైన పని కల్పించుట – ఇవే వ్యాపారం యొక్క ఉద్దేశాలు. లాభం వాటికి సాధనమే గాని గమ్యం కాదని ఆయన నిర్ధారణ. లాభం పెంచుటయే కంపెనీ సామాజిక బాధ్యత అని 1970లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ వ్రాసిన వ్యాసానికి ఇది సూటియైన జవాబు. గ్రూడెమ్ కంటే ఈయన పతనాన్ని గంభీరంగా తీసుకున్నాడని మా అభిప్రాయం. అయినను ఈ పుస్తకం ముఖ్యంగా మేనేజరు కుర్చీలో కూర్చున్నవానితో మాట్లాడుతుంది. కూలివాని కేక సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవిని పడుతున్నదని చెప్పే యాకోబు 5:4 ఆ కుర్చీకి ఎదుట నిలిచినవాని పక్షమున మాట్లాడుతుంది. ఈ రెండవ స్వరం కూడా వినబడితేనే వ్యాపార వేదాంతం సంపూర్ణమవుతుంది.

3. పాఠ్యాంశాలను లేఖనాలతో పరీక్షించుట

క్రైస్తవ దృక్పథం ప్రత్యేక పీరియడులో గాక పాఠ్యాంశం లోపలనే కనబడవలెనని మా వాదన. తెలుగువారి అనుభవం నుండి రెండు ఉదాహరణలు చాలును.

మొదటిది లెక్కలు. 2009 జనవరి 7న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధినేత తమ ఖాతాలలో వేలకోట్ల రూపాయలు లేని సొమ్మును ఉన్నట్టు చూపామని ఉత్తరం ద్వారా ఒప్పుకున్నారు. ఆ కంపెనీకి 2008లోనే కార్పొరేట్ పాలనలో శ్రేష్ఠతకు బహుమతి లభించినది. దాని డైరెక్టర్లలో మేనేజ్‌మెంట్ ఆచార్యులు ఉన్నారు. ఆడిట్ చేసినది అంతర్జాతీయ ఖ్యాతి గల సంస్థ. అనగా నైతిక నియమావళి, చదువు, బహుమతి అన్నీ ఉండియు సత్యము లేకపోయినది. దొంగ త్రాసును గూర్చి సామెతలు 11:1, వేరువేరు తూనికరాళ్లను గూర్చి ద్వితీయోపదేశకాండము 25:13-15 చెప్పినది సంతలోని కోమటికి మాత్రమేనా? బ్యాలెన్స్ షీటు నేటి త్రాసు. అకౌంటెన్సీ ఆచార్యుడు ఈ మాట తన పాఠంలోనే చెప్పగలగాలి.

రెండవది అప్పు. పేద స్త్రీలకు చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ సంస్థలు మన రాష్ట్రంలో వేగంగా విస్తరించాయి. వాటిలో పెద్దదైన ఎస్.కె.ఎస్. 2010లో షేర్ మార్కెట్‌లో ప్రవేశించినది. ఒకే ఇంటిపై పలు సంస్థల అప్పులు, వారం వారం వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తల నడుమ అదే సంవత్సరం అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వసూళ్లను కట్టడి చేసినది. ఫైనాన్స్ పాఠంలో ఇది 'వసూలు శాతం', 'వృద్ధి రేటు'. నెహెమ్యా 5వ అధ్యాయంలో ఇది పొలములను, పిల్లలను తాకట్టు పెట్టిన జనుల మొర. నెహెమ్యా ఆ మొర విని ప్రధానులతో వాదించి, పొలములను, వడ్డీని తిరిగి ఇప్పించాడు. బాకీదారుని పేరు, ముఖము ఎరుగని ఫైనాన్స్ పాఠం ఎంత శాస్త్రీయమైనను క్రైస్తవమైనది కాజాలదు.

4. సంస్థ తానే ఒక పాఠం

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. మన దేశంలోని క్రైస్తవ విశ్వవిద్యాలయాలలో అధికులు క్రైస్తవేతర విద్యార్థులు. ప్రభుత్వ గుర్తింపు గల విద్యాసంస్థలో మతబోధ వినమని ఎవరినీ నిర్బంధించరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతున్నది. కాబట్టి అమెరికా సంస్థల పద్ధతిని ఇక్కడ యథాతథంగా అమలుచేయలేము. ఈ అభ్యంతరం న్యాయమైనదే. అయితే సరియైన త్రాసును, కూలివాని కూలిని, అప్పులవాని గౌరవాన్ని గూర్చి మాట్లాడుట మతమార్పిడి కాదు. ఏ మతస్థుడైనను ఆలోచించదగిన సంగతులే ఇవి.

అంతేకాక విద్యార్థి పుస్తకం కంటె ముందుగా సంస్థను చదువుతాడు. ఫీజు కట్టలేని దళిత క్రైస్తవ బాలునికి అక్కడ చోటున్నదా? తాత్కాలిక అధ్యాపకునికి, ఊడ్చే ఆయమ్మకు న్యాయమైన జీతం సకాలంలో అందుతున్నదా? సీటుకు రసీదు లేని సొమ్ము అడుగుతున్నారా? వీటికి సరియైన జవాబు లేనిచోట మానవ వనరుల నిర్వహణపై ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినను అవి మ్రోగెడు కంచు వంటివే.

ముగింపు

క్రైస్తవ విశ్వవిద్యాలయాలు వ్యాపార విద్యను మానుకొనవలెనని మేము చెప్పుట లేదు. 19వ శతాబ్దంలో బాసెల్ మిషన్ మంగళూరులో పెంకుల కర్మాగారము, నేత పరిశ్రమ నడిపి విశ్వాసులకు జీవనోపాధి కల్పించినది. మిషనరీలు బోధతోపాటు లెక్కల పుస్తకం కూడా పట్టుకున్నారు. కాబట్టి మూడు సూచనలు చేస్తున్నాము. ఒకటి, వ్యాపార ఆచార్యులు, వేదాంత ఆచార్యులు కలిసి కూర్చుండి ఒక్కొక్క పాఠ్యాంశాన్ని పరిశీలించవలెను. రెండు, మన వేదాంత కళాశాలల బి.డి. విద్యార్థులు బ్యాలెన్స్ షీటు చదువుట నేర్చుకొనవలెను. లేనిచో సంఘపు లెక్కలనైనను వారు ప్రశ్నించలేరు. మూడు, కాపరులు వ్యాపారం చదివే పిల్లలకొరకు ప్రార్థించి ఊరకుండక, ఏమి నేర్చుకొంటున్నారో అడిగి తెలిసికొనవలెను.

ప్రకటన 18వ అధ్యాయంలో బబులోను సరుకుల జాబితా బంగారుతో మొదలై మనుష్యుల ప్రాణములతో ముగుస్తుంది. సరుకు ఎక్కడ ఆగి మనిషి ఎక్కడ మొదలవుతాడో తెలియజెప్పే విద్యయే ఆ జాబితాను అడ్డగించగలదు. ఆ విద్యను ఇచ్చినంతమట్టుకే ఒక విశ్వవిద్యాలయం తన ద్వారముపై క్రీస్తు నామమును ధరించుటకు యోగ్యమైనది.