స్పిరిట్యుయల్సు: మూలవిచారము

అమెరికా జానపద భక్తిగీతములగు ‘స్పిరిట్యుయల్సు’ నల్లజాతివారి సొత్తా, శ్వేతజాతివారి సొత్తా యను వాదము చిరకాలము నడచినది. జార్జి పుల్లెన్ జాక్సన్ 1933లోను, 1943లోను వెలువరించిన గ్రంథములలో ఉభయుల పాటలను ప్రక్కప్రక్కన నిలిపి, వరుసల సామ్యమును చూపి, శ్వేతజాతివారి పాటలే మూలమని నిర్ణయించెను. అతడు కూర్చిన సామగ్రి అమూల్యము. నిర్ణయము మాత్రము అంగీకార్యము కాదు.

ఏలన, అతనికి ముఖ్యప్రమాణము ముద్రణకాలము. ‘సదరన్ హార్మొనీ’ 1835లో, ‘సేక్రెడ్ హార్ప్’ 1844లో అచ్చుపడినవి. బానిసల పాటల పెద్దసంపుటము 1867లో గాని వెలువడలేదు. పెక్కు దక్షిణరాష్ట్రములలో బానిసకు చదువు నేర్పుటయే నేరమై యుండగా, వారి పాట అచ్చున ఆలస్యముగా కనబడుటలో వింత యేమి? మన జానపదగేయములను సేకరించినవారి నడిగినను ఈ మాటయే చెప్పుదురు.

అంతకు పూర్వపు సాక్ష్యమును కలదు. 1801లో కెంటకీ యందలి కేన్ రిడ్జి గుడారసభకు ఇరుజాతులవారును వచ్చిరి. 1819లో జాన్ వాట్సన్ అను మెథడిస్టు, ఇట్టి సభలలో నల్లవారు ప్రార్థనల తునకలకు దీర్ఘమైన పల్లవులు చేర్చి, పొలముపాటల ఫక్కిని గంటలకొలది పాడుదురనియు, ఆ రీతి కొందరు శ్వేతజాతివారికిని అంటుకొన్నదనియు నిందించుచు వ్రాసెను. నింద యగుటచేతనే యిది నమ్మదగిన సాక్ష్యము.

ఐజాక్ వాట్సు 1707లో ప్రకటించిన కీర్తనలు ఉభయులకును ఉమ్మడినిధి. ఒకడెత్తుకొనగా గుంపు బదులు పాడుట, వలయముగా తిరుగుచు పాదములు కదుపుట ఆఫ్రికానుండి వచ్చిన సంప్రదాయములు. జాక్సన్ స్వరలిపికి అందిన వరుసనే ముఖ్యముగా తూచెను. ఆ గానమును స్వరలిపి పూర్తిగా పట్టజాలదని 1867 నాటి సంపాదకులే ఒప్పుకొనియుండిరి.