మోకాలి కింద దిండు వద్దు

మోకాలి మార్పిడి జరిగినవాళ్లకు ఫిజియోథెరపీ చేయించడానికి వెళ్తే ఇంటిల్లిపాదీ అడిగేది ఒకటే: ‘ఎంత వంగుతోందండీ?’ నేను ముందు చూసేది కాలు ఎంత తిన్నగా చాపగలుగుతున్నారని. రెండు వారాలకు తొంభై డిగ్రీల దాకా వంగితే, నెలల మీద ఇంకా పెంచుకోవచ్చు. చాపడాన్ని మొదట్లో అశ్రద్ధ చేస్తే మాత్రం తర్వాత సాధించడం చాలా కష్టం. కాలు తిన్నగా రాకపోతే నడకంతా కుంటే.

మొన్న ఒక పెద్దావిడ మోకాలి కింద రెండు దిళ్లు కనిపించాయి. కోడలు ప్రేమగా పెట్టింది. తీసేద్దామంటే, ‘అవుంటేనే కాస్త కునుకు పడుతోంది బాబూ’ అన్నారు. నిజమే, వాచిన మోకాలికి కాస్త ముడుచుకుంటేనే హాయి. ఆ హాయిలోనే వెనకభాగం బిగుసుకుపోతుంది. దిళ్లు తీసి, తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టాను. ‘మోకాలిని కిందికి అదమండమ్మా’ అంటూ చిప్పకు పైన తొడమీద చెయ్యి వేశాను. పళ్లు బిగించారు, పిరుదు బిగిసింది, తొడ మాత్రం కదల్లేదు. వాపు, నొప్పి ఉన్నప్పుడు ఆ కండరం మెదడు మాట సరిగా వినదు. మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తే వేళ్ల కింద సన్నగా అదిరింది. ‘ఇదేనమ్మా, ఇదే!’ అన్నాను. నా వృత్తిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అది.

అందుకే ఆపరేషన్ తేదీ ఖాయం కాగానే మమ్మల్ని పిలవమంటాను. నొప్పికి భయపడి ఏళ్ల తరబడి నడక తగ్గించుకున్న తొడలు అప్పటికే సన్నబడి ఉంటాయి. తొడ బిగించడం, కాలు చాపి పైకెత్తడం, వాకర్‌తో నడవడం ముందే అలవాటైతే ఆపరేషన్ మర్నాడు ఏదీ కొత్తగా ఉండదు. షుగర్‌ను అదుపులోకి తెచ్చుకోవాల్సిందీ అప్పుడే. గాయం మానడం దానిమీద కూడా ఆధారపడి ఉంటుంది.

2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకీళ్ల ధరలకు పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం కీలు పన్ను కాకుండా రూ.54,720కి దిగింది. చాలా మంచి పని. కానీ కీలు అమర్చాక దాన్ని నడిపించాల్సింది కండరమే. కుట్లు విప్పగానే ‘ఇక చాలులెండి’ అని వ్యాయామం మానేసేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. అసలు బలం పుంజుకునేది ఆ తర్వాతి నెలల్లోనే. మందుల చీటీ ఎంత వివరంగా రాసిస్తారో, వ్యాయామాల చీటీ కూడా అంత వివరంగా రాసివ్వాలి: ఏ వ్యాయామం, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని నెలలు అని.