పాత పత్రికలు – వైద్య చరిత్ర

పాత పత్రికలను సేకరించు అభిరుచి మన కుటుంబములలో కొందరికి గలదు. అది మెచ్చదగినదే. కాని వైద్య చరిత్రకై సేకరించువారు సామాన్యముగా చేయు లోపమొకటి యున్నది. వ్యాసములను, కథలను దాచి, అట్టలను, ప్రకటనల పుటలను చించివేయుదురు. ఈ లోపము మాకును తప్పలేదు.

మాట్టుతావణి దారిలోని యొక పాత కాగితముల అంగడిలో, తూకమునకు పోనున్న కొన్ని ‘గృహలక్ష్మి’ సంచికలు మాకు దొరికినవి. గుమాస్తా పనిలో అలవడిన పొందిక కొద్దీ, అట్టలు తీయించి, అంచులు కోయించి, చక్కగా బైండు చేయించితిమి. పిమ్మట మా మనుమరాలు “తాతా, ఇది ఏ యేటిది? వెల యెంత?” అని యడిగినది. తేదీయు, వెలయు అట్టలతోనే పోయినవి!

పోయినవి అవి మాత్రమే కావు. 1928లో మద్రాసున ‘గృహలక్ష్మి’ని స్థాపించిన డాక్టరు కె. ఎన్. కేసరిగారు ఆయుర్వేద వైద్యులు, కేసరి కుటీరమునకు అధిపతులు, స్త్రీల ఔషధమగు ‘లోధ్ర’కు ప్రసిద్ధులు. స్త్రీలకు పత్రిక నిచ్చిన చేయియు, మందు నిచ్చిన చేయియు నొక్కటే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారును అట్టివారే. 1893లో బొంబాయిలో అమృతాంజనమును, 1908లో అచ్చటనే ‘ఆంధ్రపత్రిక’ వారపత్రికను ప్రారంభించిరి. 1914లో మద్రాసున దినపత్రికయు, 1924లో ‘భారతి’యు వెలసినవి. తలనొప్పి మందు రాబడి తెలుగు సాహిత్యమును పోషించినది. ప్రకటనను చించినచో ఈ సంబంధమే మరుగుపడును.

అయినను ప్రకటనను ప్రమాణముగా గొనరాదు. ఏ మందును, ఎవరికి, ఏ బాధను చూపి అమ్మిరో అది చెప్పును. ఎవరికి నయమైనదో చెప్పదు. ఆ విచారణకు పండితుల పత్రికలు కావలెను. 1956లో ప్రారంభమై, హైదరాబాదు ఉస్మానియా వైద్య కళాశాలలో డాక్టరు డి. వి. సుబ్బారెడ్డిగారి పోషణలో పెరిగిన వైద్య చరిత్ర శాఖ, 1963 నుండి ఆంగ్లమున బులెటిన్ వెలువరించినది. దానిని గ్రంథాలయములలో వెదకవలెను. మన యింటి పెట్టెలలో దొరకునవి ‘గృహలక్ష్మి’, ‘భారతి’ వంటివే. రెండు తెగల పత్రికలను ప్రక్కప్రక్కన నుంచి చదివినగాని వైద్య చరిత్ర బోధపడదు.

మధుర, కోయంబత్తూరులలో తరతరములుగా స్థిరపడిన మన యిండ్లలో తెలుగు మాటలాడువారు కలరు గాని, చదువువారు తగ్గుచున్నారు. అక్షరములు రాని బిడ్డ పెట్టె తెరచినచో అంతయు చెత్తగా తోచును; మరల తూకమునకు పోవును. కావున సోదరులారా, అట్ట తీయకుడు, అంచు కోయకుడు, అవ్వలు ప్రక్కన వ్రాసికొన్న వ్రాతలను చెరపకుడు. ఆ పత్రిక ఎవరిది, ఏ యేట ఇంటికి వచ్చినది అను వివరమును, తెలుగుతోపాటు పిల్లలు చదువగల అరవ లిపిలోను చీటీపై వ్రాసి లోపల నుంచుడు. మేము పోగొట్టినది తిరిగి రాదు. మీ పెట్టెలలో నున్నదైనను నిలుచుగాక!