కాంట్రాక్టరు గొంతు

తెల్లవారుతోంది. ఎర్రగా సూర్యుడు పైకొస్తున్నాడు. ఆ వేళకు నిద్రలేచిన మామూలు మనిషైతే దండం పెట్టుకుంటాడు, లేదా ముఖం కడుక్కోవడానికి వెళ్తాడు. ‘ముత్యాల ముగ్గు’లో కాంట్రాక్టరు మాత్రం ఆ ఎరుపును తీరిగ్గా చూసి, ఆకాశంలో హత్య జరిగినట్టుందని మెచ్చుకుంటాడు. మాట నెత్తురుది, స్వరం రసికుడిది. ఈ రెంటినీ అతుకు కనబడకుండా కలపడమే రావు గోపాలరావు చేసిన పని. 1975 జులైలో ఆ సినిమా వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ సన్నివేశాన్ని అనుకరించినవాళ్లకు లెక్కలేదు. కానీ వాళ్లలో చాలామందికి అతుకు తెలిసిపోతుంది, ఎందుకంటే వాళ్లు నవ్వు కోసం ఆగుతారు. ఆయన ఆగడు.

ముందు అక్షరాల సంగతి చూద్దాం. ముళ్లపూడి వెంకటరమణ రాసిన ఆ పాత్ర నోట్లో ‘కళాపోషణ’ అనే మాట ‘కలాపోసన’ అవుతుంది. ళకారం లకారమైంది, షకారం సకారమైంది, ణకారం నకారమైంది. మూడూ నాలుకను వెనక్కి మడిచి పలకాల్సిన అక్షరాలే. ఆ మూడింటినీ నాలుక పళ్ల దగ్గరకు తెచ్చేసుకుంది. ‘సెక్రటరీ’లో కకారం మెత్తబడి గకారమైంది, రేఫ తన చోటు వదిలి టకారం కిందకు జారింది, ‘సెగట్రీ’ తయారైంది. ఇదంతా నోటి బద్ధకం అనుకుంటే పొరపాటే. ‘మనిషి’ని ‘మడిసి’ అన్నప్పుడు నాలుక పళ్ల దగ్గర తేలిగ్గా ఉన్న నకారాన్ని వదిలి, పనిగట్టుకుని వెనక్కి మడిచి డకారం పలుకుతుంది. అంటే ఇది బద్ధకం కాదు, ఒక ప్రాంతపు వాడుక. రమణ, దర్శకుడు బాపు, గోపాలరావు ముగ్గురూ గోదావరి జిల్లాలవాళ్లు. ధవళేశ్వరం, నరసాపురం, కాకినాడ దగ్గరి గంగనపల్లి. ఒకరు రాసింది మరొకరికి విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

నటుడి పనితనం ఆ తర్వాత మొదలవుతుంది. యాస ఉన్న మాట దొరికితే దాన్ని కాస్త నొక్కి, కాస్త సాగదీసి, చూశారా అన్నట్టు పలకాలని ఏ నటుడికైనా అనిపిస్తుంది. గోపాలరావు ‘మడిసి’ని పక్కనున్న మాటలంత బరువుతోనే పలుకుతాడు. కాంట్రాక్టరు దృష్టిలో అది యాస కాదు, తను మాట్లాడేదే తెలుగు. తనకు కళలంటే నిజంగా ప్రేమ ఉందని అతను నమ్ముతాడు. సొంతంగా భజంత్రీలను వెంట పెట్టుకుంటాడు. ఆ నమ్మకాన్ని నటుడు ఒక్క క్షణం కూడా ఎగతాళి చేయడు. అందుకే మనం నవ్వుతాం, ఆ వెంటనే భయపడతాం.

ఇక ఊపిరి. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఎవరిని, ఎక్కడ, దేనితో అన్నవన్నీ ముందే వచ్చేస్తాయి. ఏం చేస్తాడన్నది మాత్రం ఆఖరిదాకా తెలియదు. గోపాలరావు ఈ వ్యాకరణాన్నే ఆయుధం చేసుకున్నాడు. వాక్యం మొదటి సగాన్ని మామూలు ఎత్తులో, కబుర్లు చెప్పినట్టు చెబుతాడు. రెండో ముక్క దగ్గర గొంతు ఒక మెట్టు దిగుతుంది. క్రియకు సరిగ్గా ముందు ఆగుతాడు. ఎదుటివాడి గతి ఆ ఖాళీలో వేలాడుతుంది. అప్పుడు క్రియను మెత్తగా, చివరి అచ్చును కొంచెం సాగదీసి, నేల మీద పెట్టినట్టు పెడతాడు. కారు డిక్కీ ప్రస్తావన వచ్చే చోట చూడండి. మనిషిని చంపేస్తాననడం లేదు, పడుకోబెడతానంటున్నాడు. పసివాణ్ణి ఊయలలో వేసే మాట అది. ఆ క్రియ దగ్గర ఆయన గొంతు నిజంగానే జోకొట్టినట్టు ఉంటుంది.

గొంతు పని చేస్తున్నంతసేపూ ఒళ్లు ఊరుకోవడం ఇందులో మరో నేర్పు. భారీ శరీరం, వెడల్పాటి ముఖం. సగం వాలిన రెప్పలు కూడా మాట పూర్తయ్యాకే లేస్తాయి. మాటకు ముందు కన్ను కదిలితే బెదిరింపు ముందే తెలిసిపోతుంది. మాట తర్వాత కదిలితే అది సంతకం పెట్టినట్టు ఉంటుంది. ఈ చిత్రానికి ఛాయాగ్రహణంలో జాతీయ పురస్కారం అందుకున్న ఇషాన్ ఆర్య కెమెరా ఆ ముఖం మీద తొందరపడకుండా నిలబడింది. అలా నిలబడేంత పని ఆ ముఖంలో ఉంది.

పాత్ర అల్లిక కూడా గొప్పది. ఉత్తర రామాయణం నీడలో నడిచే కథ అది. కొత్త కాపురం మీద నింద పడాలి, ఇల్లాలు గడప దాటాలి. ఆ పనిని కాంట్రాక్టరు పగతో చేయడు, మోహంతో చేయడు. రేటు మాట్లాడుకుని చేస్తాడు. అతనికి ఆ అమ్మాయి మీద కోపమే లేదు. మన తెరమీది దుష్టులకు అంతకుముందు ఏదో ఒక కసి ఉండేది. ఇక్కడ దుర్మార్గం రోడ్డు పనిలా, వంతెన పనిలా ఒప్పుకుని పూర్తిచేసే పని. కోపం లేని మనిషికి గొంతు పెంచే అవసరం ఏముంటుంది?

మెత్తగా మాట్లాడే విలన్ ఈయనతోనే పుట్టాడని అనను. ‘మాయాబజార్’లో శకునిగా సి.ఎస్.ఆర్. ఆంజనేయులు పలుకులోని నునుపు, నాగభూషణం మాటల్లోని వెటకారం అంతకు ముందే ఉన్నాయి. ఆర్. నాగేశ్వరరావు, రాజనాల చూపుతోనే వణికించారు. గోపాలరావు తెచ్చిన కొత్తదనం ఏమిటంటే, ఆ మెత్తదనానికి ఒక ఊరు, ఒక పలుకుబడి ఇచ్చారు. అంతవరకు విలన్ గ్రాంథికపు ఛాయల్లోనో, ఏ ఊరిదీ కాని సినిమా తెలుగులోనో మాట్లాడాడు. ఈ విలన్ మాత్రం మనకు తెలిసిన ఏదో వీధి అరుగు మీద కూర్చుని మాట్లాడాడు.

ఆ యాస ఒక్కటే ఆయన బలమనుకునేవాళ్లు మరుసటి ఏడాది వచ్చిన ‘భక్త కన్నప్ప’ చూడాలి. అదే బాపు, అదే నటుడు. ఈసారి కైలాసనాథశాస్త్రి అనే అర్చకుడు. భక్తి ముసుగులో స్వార్థం నడిపే మనిషి. కాంట్రాక్టరు పోగొట్టుకున్న ణకారాలు, ళకారాలు, షకారాలు ఇక్కడ తిరిగొస్తాయి. ఒత్తులు కూడా వాటి బరువుతో సహా వస్తాయి. కాంట్రాక్టరుకు పలుకు దాపరికం లేనిది, శాస్త్రికి పలుకే దాపరికం. ఏడాది తేడాలో ఒకే నాలుక ఈ రెండు పనులూ చేసింది. నాకు ఆయన గురించి ఒక్క ఋజువు చాలంటే ఇదే చూపిస్తాను.

1978లో ‘మన వూరి పాండవులు’ వచ్చింది. అందులో గోపాలరావు దొర రాంభూపాల్, పక్కన అల్లు రామలింగయ్య ఉంటాడు. ఈ జంట పనితీరు సంగీతంలో శ్రుతి, లయల్లాంటిది. అల్లువారి గొంతు సన్నం, మాట చురుకు, ఒళ్లంతా కదలిక. గోపాలరావు గొంతు మంద్రం, మాట నిదానం, ఒళ్లు కదలదు. ఒకరు వేగంగా అల్లుకుపోతుంటే రెండోవారు ఒక్క ముక్కతో ముడి వేస్తారు. ఆ ముడి బిగువు తెలియాలంటే ముందున్న అల్లిక కావాలి. ఇద్దరూ ఒకరి చోటు ఒకరు ఎన్నడూ తొక్కలేదు.

మరో ఏడాదికి ‘వేటగాడు’. ఇక్కడ మాటలు జంధ్యాలవి, లెక్క పూర్తిగా వేరు. రమణ వాక్యం ఆగి ఆగి నడుస్తుంది, జంధ్యాల ప్రాసల దండకం ఆగకుండా పరుగెడుతుంది. ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలు వరసపెట్టి వస్తుంటే ప్రతి ప్రాసనూ నొక్కితే చెవి అలిసిపోతుంది, ఏదీ నొక్కకపోతే ప్రాస వినబడదు. ఆయన రెండు మూడు మాటలను గుంపుగా కట్టి, గుంపులో మొదటి అక్షరాన్ని మాత్రం తట్టి, మిగతావి దొర్లిస్తారు. ఊపిరి గుంపుల మధ్య తీసుకుంటారు, మాటల మధ్య కాదు. ఇది రంగస్థలం నేర్పిన విద్య. మైకు దూరంగా ఉండే నాటకంలో చివరి వరసకు అక్షరం చేరాలంటే ఊపిరి పొదుపు తెలియాలి.

ఆయన వచ్చింది నాటకాల నుంచే. 1937 జనవరి 14న పుట్టి, కాకినాడ ప్రాంతపు రంగస్థలం మీద ఎదిగారు. భమిడిపాటి రాధాకృష్ణ ‘కీర్తిశేషులు’ నాటకంలో ఆయన నటన చూసి ఎస్.వి. రంగారావు మెచ్చి, దర్శకుడు గుత్తా రామినీడుకు పరిచయం చేశారు. ‘భక్త పోతన’కు సహాయ దర్శకుడిగా పనిచేస్తూనే అందులో మామిడి సింగన వేషం వేశారు. 1969లో ‘జగత్ కిలాడీలు’లో విలన్ అవకాశం వచ్చింది. కానీ గొంతు బాగాలేదని ఆ పాత్రకు వేరొకరిచేత మాటలు చెప్పించారు.

తర్వాతి కాలం గురించి వేగంగా చెప్పుకోవచ్చు. కాంట్రాక్టరు విజయం చూసి ఎనభైల్లో రచయితలు ఆయనకు అదే పాత్రను పేరు మార్చి చాలాసార్లు రాశారు. సరుకు పలచబడింది గాని ఆయన శ్రద్ధ పలచబడలేదు. ‘ఛాలెంజ్’లో కుర్రాడితో పందెం వేసే ధనికుడిగా, ‘ఘరానా మొగుడు’లో కూతురి పొగరు అణగాలని కోరుకునే తండ్రిగా అదే గొంతులోంచి పెద్దరికం, వాత్సల్యం తీశారు. మధ్యలో రాజ్యసభ సభ్యులుగా ఉన్నారు. 1994 ఆగస్టు 13న కన్నుమూశారు. కుమారుడు రావు రమేశ్ ఈనాటి నటుల్లో ముఖ్యుడు.

‘ముత్యాల ముగ్గు’ విడుదలయ్యాక దాని పాటలతో పాటు మాటలు కూడా గ్రామఫోన్ రికార్డులుగా వచ్చాయి. జనం వాటిని కొని ఇళ్లకు తెచ్చుకున్నారు. ఆ రికార్డులో ముఖం లేదు, సూర్యోదయం లేదు, ఇషాన్ ఆర్య వెలుగు లేదు. పనికిరాదన్న గొంతు ఒక్కటే ఉంది.