ఎడమకాలి విద్య

తుళ్లూరు చుట్టుపట్ల నల్లరేగడి చేలలో పత్తి తీయు కూలి స్త్రీలను శ్రద్ధగా గమనించినవారికి ఒక సంగతి తెలియును. క్రొత్తగా పనిలో దిగిన పిల్ల ఎడమచేతితో కొమ్మను పట్టుకొని కుడిచేతితో మాత్రమే దూదిని లాగుచు మొక్క మొక్కకు ఆగుచుండగా, చేయి తిరిగిన మనిషి రెండు చేతులతోను రెండు కాయలనుండి ఒక్కమారే దూదిని ఊడదీసి, నడుమునకు కట్టుకొన్న గుడ్డలో వేసికొనుచు, ఎక్కడను తొందర కనబడకుండగనే సాలు చివరకు ముందుగా చేరును. ఆమె చేతులలో బలము హెచ్చుగా నుండుటవలన కాదు. రెండవ చేయి ఊరక నుండకపోవుటవలన. హైదరాబాదు ఫుట్‌బాల్ సంప్రదాయమును గూర్చి తలచినప్పుడెల్ల నాకు మొదట ఈ పత్తిసాలే జ్ఞప్తికి వచ్చును.

మన పలుకుబడిలో ఎడమకాలు గౌరవము లేనిది. అక్కరలేని దానిని ఎడమకాలితో తన్నివేసితిమని చెప్పుకొందుము. ఆ కాలినే విద్యకు పాత్రమైన దానినిగా చేసినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిచేత బడిపంతులైన ఆయన హైదరాబాదులో పిల్లలకు రెండు వింత పోటీలను నడిపెను. ఒకదానిలో బంతిని కాలితో ఆడించుచు ఎదిరివారిని తప్పించుకొనిపోవు డ్రిబ్లింగ్ నిషిద్ధము. రెండవదానిలో ఆటగాడు తన బలహీనమైన కాలితోనే ఆడవలెను. వినుటకు ఇవి పిల్లలాటలవలె తోచవచ్చునుగాని, వీనిలో గొప్ప శాస్త్రమున్నది. డ్రిబ్లింగ్ చేయరాదన్నప్పుడు బాలుడు బంతి తన కాలికి చేరక పూర్వమే తలయెత్తి, దానిని ఎవరికి పంపవలెనో నిశ్చయించుకొనక తప్పదు. అనగా వానికి ముందుగా నేర్పబడునది తన్నుట కాదు, చూచుట. కుడికాలి వాటముగల ఫార్వర్డ్ గోలు ముంగిట బంతిని అందుకొన్నపుడు దానిని కుడివైపునకు త్రిప్పుకొనుటకు ఒక అడుగు, ఒక క్షణము వ్యయము చేయును. ఆ క్షణముననే రక్షకుడు అడ్డుపడును. రెండు కాళ్లును చదువుకొన్నవాడు ఆ క్షణమును మిగుల్చుకొనును, తాను ఏ వైపునకు పోవునో ఎదిరివానికి ముందుగా చెప్పడు. ఫుట్‌బాల్‌లో ప్రతిభ యని మనము పిలుచుదానిలో అధికభాగము ఇట్లు మిగుల్చుకొన్న క్షణములే యని నా నిశ్చయము.

ఈ పాఠముల ఫలమును దేశమంతయు చూచినది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. రహీం శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణమును, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానమును, 1962లో జకార్తాలో మరల స్వర్ణమును సాధించినది. జకార్తాలో ఆయన చేసిన పని యొకటి శిక్షకులందరికిని పాఠము. తలకు గాయమై కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను వెనుక నిలుపక, కూర్చుండబెట్టక, ముందునకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించెను. ఫైనల్‌లో దక్షిణ కొరియాపై 2-1 గెలుపునకు కారణమైన రెండు గోళ్లలో ఒకటి పి.కె. బెనర్జీది కాగా, రెండవది ఆ జర్నైల్ సింగ్‌దే. తొమ్మిది నెలలకే, 1963 జూన్‌లో, రహీం కాన్సరుతో మరణించెను.

గురువు పోయిన తరువాత విద్య ఎట్లు నిలిచినదను ప్రశ్నయే నన్ను ఈ వ్యాసమునకు పురికొల్పినది. సికింద్రాబాదు వాడైన తులసీదాస్ బలరాం 1960 రోం ఒలింపిక్స్‌లో హంగరీపైనను పెరూపైనను గోళ్లు చేసిన గొప్ప ఫార్వర్డ్. ఊపిరితిత్తుల వ్యాధి ఆయన ఆటను పడుచుతనముననే ఆపివేసినది. మహమ్మద్ హబీబ్ హైదరాబాదు నుండి కలకత్తా పోయి, 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మాస్ జట్టుపై మోహన్ బగాన్ పక్షమున గోలు చేసి, పిమ్మట టాటా ఫుట్‌బాల్ అకాడమీలో బాలురకు శిక్షకుడయ్యెను. ఈ పరంపరలో, దేశపు స్ట్రైకర్‌గా పేరొంది, జట్టు నడుపు శిక్షకుడుగా కూడ అంతటి కీర్తిని పొందినవాడు షబ్బీర్ అలీ.

షబ్బీర్ అలీ 1956లో హైదరాబాదున జన్మించెను. రహీం మరణించునాటికి ఆయన ఏడేండ్ల బాలుడు. కనుక ఆ విద్య ఆయనకు గురుముఖమున కాక మైదానముల మట్టినుండి, తనకంటె పెద్దవారి కాళ్లను చూచుటనుండి వచ్చినదనుకొనుట సమంజసము. 1974లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా యువజన పోటీలలో ఆయన నాయకత్వమున భారత జట్టు ఫైనల్‌లో ఇరాన్‌తో 2-2 సమముగా ముగించి సంయుక్త విజేతగా నిలిచినది. తరువాత ఆయన దేశపు పెద్ద జట్టుకును నాయకుడై, కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ జట్లకు ఆడెను.

స్ట్రైకర్ విద్యను బయటివారు గోలు కొట్టుటగా మాత్రమే ఎంచుదురు. గోలు ఆ విద్యయొక్క చివరి అక్షరము. తక్కినదంతయు బంతి లేని పరుగులోనే యున్నది. రక్షకుని భుజము వెనుక, వాడు బంతిని, తనను ఒక్కమారే చూడజాలని చోట నిలుచుట. సహచరుడు తలయెత్తిన క్షణముననే కదలుట, అంతకు ముందు కదలినచో ఆఫ్‌సైడ్, తరువాత కదలినచో ఆలస్యము. తాను బంతిని పొందకపోయినను రక్షకుని తన వెంట లాగుకొనిపోయి మరియొకనికి దారి తెరచుట. తొంబది నిమిషములలో ఇట్టి పరుగులు అనేకము వ్యర్థమగును. వ్యర్థమైన పరుగునకు విసుగు చెందనివాడే స్ట్రైకర్.

శిక్షకుడైన పిమ్మట ఇదే విద్య తిరుగబడును. తాను ఇన్నాళ్లు శరీరముతో ఎరిగినదానిని మాటలలోను అభ్యాసములలోను పెట్టవలెను. సహజముగ వచ్చినదానిని సహజముగ రానివానికి నేర్పవలెను. గొప్ప ఆటగాండ్రలో పెక్కురు ఇక్కడనే తప్పిపోవుదురు, తమకు సులభమైనది ఇతరులకేల కఠినమో వారికి బోధపడదు గనుక. హైదరాబాదు పరంపరవాడికి ఈ కష్టము కొంత తక్కువ. ఆ విద్య ఆదినుండియు ప్రేరణగా కాక పాఠముగా, పోటీగా, నియమముగా అమర్చబడినది. బడిపంతులు కూర్చినది మరియొక పంతులు ఎత్తుకొనుట సాధ్యము.

1998-99లో నేషనల్ లీగ్ మూడవ సంవత్సరమున షబ్బీర్ అలీ శిక్షకుడుగా గోవాకు చెందిన సల్గావ్‌కర్ జట్టు దేశ విజేతయైనది. ఒక గోవా జట్టుకు ఆ గౌరవము దక్కుట అదియే మొదటిమారు. ఆ జట్టు ముందు వరుసలో బ్రూనో కుటిన్హో వంటి నిపుణుడుండెను. ఈ లీగ్ గెలుపు విలువ కప్పుల ఆట ఎరిగినవారికి బాగుగ తెలియును. కప్పు వారము పది దినముల సంరంభము, ఒక మంచి సాయంకాలముతో గెలువవచ్చును. లీగ్ అట్లు కాదు. నెలల తరబడి సొంత ఊరను పరాయి ఊరను ఆడుచు, గాయపడినవారిని సరిచూచుకొనుచు, ఓడిన మరునాడు జట్టును నిలబెట్టుచు పోవలెను. మా ప్రాంతమున మిర్చి వేయు రైతుకు ఇది వేరుగ చెప్పనక్కరలేదు: నారు పోసిననాటి నుండి కల్లములో కాయ ఎండి బస్తాకెక్కువరకు ఒక్క వారము ఏమరినను తెగులు వచ్చి కూర్చుండును. ఒక గోలుతో కీర్తి పొందుటకు అలవడిన స్ట్రైకర్ అట్టి ఓర్పును అలవరచుకొనుట నా దృష్టిలో ఆయన చేసిన గోళ్లకంటె గొప్ప కార్యము. భారత ప్రభుత్వము 2011లో ఆయనకు ధ్యాన్‌చంద్ పురస్కారమునిచ్చినది.

మొన్నటి వేసవిలో ఒక సాయంకాలము మా ఊరి బడి ప్రక్కన, నెఱ్ఱెలు విచ్చిన నేలపై, పన్నెండేండ్ల పిల్లవాడొకడు గోడకు ఎదురుగా బంతి తన్నుచుండెను. కుడికాలికి మాత్రమే చెప్పున్నది. ఎడమకాలి చెప్పును విడిచి ప్రక్కన పెట్టెను. ఏలరా అని అడిగితిని. చెప్పుతో అయితే కాలికి బంతి తెలియదండీ, ఈ కాలు ఇంకా నేర్చుకోవాలిగదా అని బదులు చెప్పి మరల తన్నెను. బంతి గోడ మూలకు తగిలి వంకరగా వచ్చి నెఱ్ఱెలో పడినది. వాడు పోయి తెచ్చుకొని, పాదమును కొంచెము లోపలికి త్రిప్పి, మరల తన్నెను. ఈసారి అది తిన్నగా వచ్చి వాని ఎడమ పాదము ముందు ఆగినది. పదునేడు, అని వాడు తనలో లెక్కించుకొనెను.