‘పేదలు’ అనే మాటలో వాడ ఎక్కడ?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పేరెత్తగానే మన పుస్తకాలు ఒకే మాట వాడతాయి: ‘పేదలు’. ఆ మాటకు ఎన్ని అర్థాలున్నయో మాత్రం అడగవు. మేము అడగదలుచుకున్నాం.

ప్లానింగ్ కమిషన్ వున్నన్నాళ్లు దానికి పేదరికమంటే తిండి లెక్క. 1979 నాటి నిపుణుల బృందం పల్లె మనిషికి రోజుకు 2,400 కేలరీలని గీత గీసింది. 2011లో అదే కమిషన్ పల్లెలో రోజుకు 26 రూపాయలు చాలని సుప్రీంకోర్టుకు చెప్పింది. గీత దాటినోడు బీదోడు కాడు. వాడిని బావి కాడికి రానిస్తున్నరా లేదా అన్నది లెక్కలోకి రాదు.

వామపక్షానికి పేదరికమంటే భూమి లేకపోవడం. ఇది పెద్ద అర్థమే, కాదనం. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలకు కదిలిన రైతుకూలీలు వెట్టినీ దొరతనాన్నీ నిలదీశారు. అక్టోబర్‌లో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ పోరులో దొరలను సాంఘికంగా బహిష్కరించారు. చాకలి బట్టలుతకలేదు, మంగలి గడ్డం గీయలేదు, జీతగాడు పనిలోకి పోలేదు. దొరకు పైసలకు కొదవ లేదు. అయినా గడీకి వూపిరాడలేదు. దీన్ని వర్గపోరాటమని రాశారు. నిజమే. కాని గడీని నడిపింది కులాల వారీగా పంచిన చాకిరి అని కూడా రాయాలి కదా! కులం పనుల విభజనే కాదు, పనిచేసేవాళ్ల విభజన అని అంబేడ్కర్ 1936లోనే చెప్పాడు.

సిరిసిల్లలో మరమగ్గం ఆగితే నేతకార్మికుడు అప్పుల పాలవుతాడు. ఎందరో వురి పోసుకున్నారు. కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు పని వుంటే కూలి గిట్టదు. ఇవన్నీ బీదరికాలే, కాని ఒక్కటి కావు. గల్ఫ్ పైసలతో స్లాబు వేసుకున్న మాదిగ యిల్లు కూడా వాడలోనే వుంటుంది. లేమి పోయింది, వాడ పోలేదు.

‘కులం కాదు, పేదరికం చూడండి’ అని మనకు ఏండ్ల తరబడి చెప్పారు. 2019లో 103వ రాజ్యాంగ సవరణ వచ్చింది. ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయముంటే ‘ఆర్థికంగా బలహీనులు’ అన్నారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ అయితే మాత్రం పూట గడవకున్నా ఆ పది శాతంలోకి రారు. 2022 నవంబర్ 7న సుప్రీంకోర్టు ముగ్గురి మాటతో, ఇద్దరు కాదన్నా, దీన్ని ఖాయం చేసింది. అంటే పేదల్ని లెక్కపెట్టేటప్పుడూ కులమే చూశారు!

అందుకే ఎవరైనా ‘పేదలు’ అంటే మనం మూడు ప్రశ్నలు వేయాలె. ఏం లేదు? ఎవరు లేకుండా చేసిండ్రు? అది వచ్చినంక కూడా ఏం మారలేదు? మూడోదానికి జవాబు చెప్పని విశ్లేషణ వాడదాకా రాలేదన్నట్టే.