ఆలోచించుకోనిచ్చే యుద్ధం

ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో ముందే చెప్పేసి, ఇప్పుడు ఆపు చూద్దాం అనే ఆట ఎంత కష్టమో ఆడినవాడికే తెలుస్తుంది. ఇంటూ ద బ్రీచ్ అనే కంప్యూటర్ ఆట అలాంటిది. అడ్డం 8 గళ్ళు, నిలువు 8 గళ్ళు, సరిగ్గా చదరంగం బల్లంత మేర. మన పక్షాన మూడు మెక్‌లు, అంటే లోపల మనిషి కూర్చుని నడిపే కొండంత మరమనుషులు. అవతల నేల చీల్చుకుని వచ్చే వెక్ అనే రాకాసి పురుగులు. ఏ పురుగు ఏ గడిని కొడుతుందో, వాటిలో ఏది ముందో ఏది వెనకో అంతా తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. భవనం ఎప్పుడైనా దెబ్బ కాచుకుని నిలబడితే అది అదృష్టం. అంతకు మించి పాచికల పని లేదు. ఓడిపోతే తిట్టుకోవడానికి మన బుర్ర తప్ప ఇంకేమీ దొరకదు.

ఒక ఎత్తు చెబుతాను, చూడండి. ఫైర్‌ఫ్లై అనే పురుగు తూర్పునున్న భవనం మీద ఉమ్మడానికి కాచుకుని ఉంది. దాన్ని చంపేంత బలం ఈ వంతులో మనకు లేదు. కానీ దానికి దక్షిణాన ఉన్న గడి ఖాళీ. మన ఫిరంగి మెక్ గుండు ఆ ఖాళీ గడిలో వేస్తాం. గుండు పడ్డ గడికి నాలుగు పక్కలా ఎవరున్నా తలా ఒక గడి అవతలికి జరుగుతారు. ఫైర్‌ఫ్లై ఒంటి మీద గీత కూడా పడకుండా ఒక గడి ఉత్తరానికి జరిగింది. మూతి మాత్రం ఇంకా తూర్పుకే ఉంది. ఆ కొత్త వరుసలో తూర్పున భవనం లేదు, దాని సాటి పురుగు తేలు ఉంది. మన వంతు ముగించాం. ఫైర్‌ఫ్లై ఉమ్మింది, ఆ ఉమ్ము పోయి తేలుకు తగిలింది. భవనం నిలిచింది, శత్రువు చేత్తోనే శత్రువుకు దెబ్బ పడింది, మన పక్షాన ఖర్చయింది ఒక్క గుండు. ఈ ఎత్తు మొదటిసారి తట్టిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

ఆట మొత్తం ఈ నెట్టుడు మీదే నడుస్తుంది. పిడికిలి మెక్ గుద్దితే ఎగరలేని మామూలు పురుగు పక్కనున్న నీళ్ళలో పడి మునిగిపోతుంది, దానికి ఎంత ప్రాణం మిగిలి ఉన్నా సరే. నేల బీటలిచ్చిన గడిలో మన మెక్ నిలబడితే కింద పురుగు పైకి రాలేదు. అందుకు మన మెక్ ఒక దెబ్బ ఓర్చుకోవాలి. ఎన్ని పురుగులు చచ్చాయన్న లెక్కతో గెలుపు రాదు. భవనాలు నిలవాలి, కరెంటు గ్రిడ్ నిలవాలి. గ్రిడ్ సున్నాకు పడిపోయిందా, ఆ లోకం పోయినట్టే. బతికిన పైలట్ ఒకడు కాలాన్ని దాటి ఇంకో లోకానికి పోయి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

పులి-మేక ఆడి పెరిగినవాళ్ళకు ఈ తర్కం చప్పున ఎక్కుతుంది. 3 పులులు, 15 మేకలు, 23 కూడళ్ళు. మేక ఏ నాటికీ పులిని చంపలేదు, చుట్టూ చేరి కదలనివ్వకుండా కట్టేస్తుంది. హంపీలో రాతి నేలల మీద ఆ గీతలు నేటికీ కనిపిస్తాయి. మా నల్లజర్ల అరుగుల మీద బొగ్గుతో గీసుకుని చింతపిక్కలతో ఆడిన చేతులే ఈ రోజు మౌస్ పట్టుకుంటే, ఆ చేతులకు కొత్తగా నేర్పాల్సింది పెద్దగా లేదు.

మా బావమరిది కొడుక్కి ఈ ఆట చూపించాను. కాసేపు తెర కేసి చూసి, "మావయ్యా, వాడు ఎక్కడ కొడతాడో ముందే చెప్పేస్తున్నాడుగా, ఇక ఆడటానికేముంది?" అన్నాడు. మూడో వంతుకి రెండు భవనాలు పోగొట్టుకున్నాడు. నాలుగో వంతులో మౌస్ వదిలేసి గడ్డం కింద చేయి పెట్టుకుని కూర్చున్నాడు. "ఉండు మావయ్యా, మాట్లాడకు" అన్నాడు. ఫోనులో బొటనవేళ్ళు ఆగని పిల్లాడు కదలకుండా కూర్చుని ఆలోచించడం నా కళ్ళారా చూశాను. ఇలాంటి ఆటల గొప్పతనం గురించి నేను ఎన్ని పేజీలు రాసినా దానికి సాటి రాదు.

2018 ఫిబ్రవరిలో దీన్ని విడుదల చేసిన సబ్‌సెట్ గేమ్స్ అంటే ప్రధానంగా ఇద్దరే మనుషులు, జస్టిన్ మా, మాథ్యూ డేవిస్. అంతకు ముందు 2012లో ఎఫ్‌టిఎల్ అనే ఆట చేసినవాళ్ళు కూడా వీళ్ళే. ఏది తీసేయాలో తెలిసిన చేతులు వాళ్ళవి. ఇందులో ఒక్క గడి ఎక్కువ లేదు, ఒక్క మాట ఎక్కువ లేదు. 2022లో కొత్త మెక్‌లు, కొత్త పైలట్‌లు, 'అన్‌ఫెయిర్' అనే కొత్త కఠిన స్థాయి చేర్చి, పాత కొనుగోలుదారులందరికీ ఉచితంగా పంచారు. ఆ స్థాయిలో కూడా ఆటలోని నాలుగు దీవులూ ఒక్క లక్ష్యం జారకుండా ముగించే ఆటగాళ్ళున్నారు. ఒకే వంతు మీద అరగంట కూర్చునే ఓపిక వాళ్ళది. వాళ్ళ ఆట చూస్తే కచేరీకి వెళ్ళొచ్చినంత తృప్తి.

ఇంటూ ద బ్రీచ్ వచ్చిన 2018లోనే, ఏప్రిల్‌లో బాటిల్‌టెక్ వచ్చింది. దాని రుచి వేరు. దీని మూలం 1984లో అమెరికాలో ఫాసా సంస్థ అచ్చేసిన బల్ల మీది ఆట. మొదట బాటిల్‌డ్రాయిడ్స్ అని పేరు పెడితే, స్టార్ వార్స్ వాళ్ళు 'డ్రాయిడ్' మాట మాదని అడ్డుపడ్డారట, అందుకని పేరు మార్చారు. దాన్ని పుట్టించినవాళ్ళలో ఒకడైన జోర్డన్ వైస్‌మన్ మూడు దశాబ్దాల తర్వాత హేర్‌బ్రెయిన్డ్ స్కీమ్స్ అనే చిన్న స్టూడియోతో కంప్యూటర్‌కి తెచ్చాడు. 2015లో చందాలడిగితే అభిమానులు 27 లక్షల డాలర్ల పైనే పోగుచేసి ఇచ్చారు.

ఇక్కడ అసలు శత్రువు వేడి. తుపాకులన్నీ ఒక్కసారి పేల్చితే మెక్ వేడెక్కుతుంది. హద్దు దాటితే లోపలి ఎముకలు కాలిపోతాయి, ఇంకా ముదిరితే యుద్ధం మధ్యలో మెక్ ఆగిపోయి నిలబడిపోతుంది. అందుకే నేర్పరి సగం తుపాకులే పేలుస్తాడు, నీళ్ళలోకి దిగి నిలబడి పేలుస్తాడు. నీళ్ళు వేడిని లాగేస్తాయి. కొల్లేరు లాంటి బురద మడుగు దొరికితే వాడికి కోట దొరికినట్టే. రెండో విద్య ఓపిక పట్టడం. 35 టన్నులలోపు తేలిక మెక్‌లు వంతులో ముందు కదలాలి, 80 నుంచి 100 టన్నుల భారీ మెక్‌లు ఆఖర్న కదులుతాయి. అయితే తేలిక మెక్ తన వంతును వాయిదా వేసుకోవచ్చు. అందరూ కదిలాక ఆఖర్న శత్రువు వెనక్కి చేరి వీపు మీద కొట్టి, వెంటనే మొదలయ్యే తర్వాతి రౌండులో అందరికన్నా ముందు లేచి మళ్ళీ కొట్టి పారిపోతుంది. వీపు కవచం పల్చన. ఒక 35 టన్నుల పిల్ల మెక్ 100 టన్నుల అట్లాస్‌ను అలా కూల్చడం చూశాక లేచి చప్పట్లు కొట్టకుండా ఉండలేం.

అన్నిటికన్నా నాకు నచ్చేది ఏరుకునే కళ. ఓడిన మెక్ ముక్కల్ని ఏరి మన షెడ్డులో బాగు చేసుకోవచ్చు. గుండె భాగం పేలిస్తే ఒక్క ముక్కే దక్కుతుంది. రెండు కాళ్ళూ విరిస్తే రెండు ముక్కలు. పైలట్ కూర్చునే తలను గురి చూసి కొడితే మూడు ముక్కలూ మనవే, మెక్ మొత్తం మన చేతికొస్తుంది. కాబట్టి మొరటువాడు గుండె మీద కొడతాడు, పనివాడు ముందు మెక్‌ను తూలించి కింద పడేస్తాడు, పడ్డాక తల మీద గురి పెడతాడు. మారాడర్ అనే 75 టన్నుల మెక్‌ని తల వేటకే కట్టుకుని ఒక్కో యుద్ధంలో రెండేసి మూడేసి మెక్‌లను చెక్కుచెదరకుండా ఇంటికి తెచ్చే ఆటగాళ్ళకు నేను దండం పెడతాను.

వంతులవారీ రోబో ఆటల మాట వస్తే జపాన్ గురించి చెప్పకపోతే అపచారం. 1972 నాటి మాజింగర్ జెడ్, గెట్టర్ రోబో, గండమ్ లాంటి వేర్వేరు కథల రోబోలన్నిటినీ ఒకే బల్ల మీదికి చేర్చిన సూపర్ రోబోట్ వార్స్ 1991లో గేమ్‌బాయ్ మీద వచ్చింది, ఇప్పటికీ వస్తూనే ఉంది. 1995లో స్క్వేర్ వాళ్ళు తెచ్చిన ఫ్రంట్ మిషన్ ఇంకో మెట్టు పైన. అందులో చేతులు, కాళ్ళు, మొండెం దేనికదే దెబ్బతింటాయి. తుపాకీ పట్టిన చేయి పోతే ఆ తుపాకీ పోయినట్టే. యోకో షిమోమురా, నోరికో మాత్సుయెదా దానికి ఇచ్చిన సంగీతం ఇప్పటికీ చెవుల్లో మోగుతుంది.

ఇంత ఉన్న సంప్రదాయాన్ని ఏం చేశారు? 2005లో వచ్చిన ఫ్రంట్ మిషన్ 5ను జపాన్ దాటించలేదు, అభిమానులే కూర్చుని ఇంగ్లీషులోకి మార్చుకున్నారు. 2010లో అదే పేరు తగిలించి వంతులు తీసేసి పరుగెత్తి కాల్చే ఆటగా మార్చారు. ఆ పేరు వాడుకునే హక్కు వాళ్ళకున్నా, నా దృష్టిలో అది ఫ్రంట్ మిషన్ కాదు. బాటిల్‌టెక్ చేసిన స్టూడియోని పారడాక్స్ అనే స్వీడన్ సంస్థ 2018లోనే కొన్నది, 2024 జనవరికి వదిలించుకుంది. బాటిల్‌టెక్‌కు రెండో భాగం రానేలేదు.

వీటికన్నా నాకు మంట పుట్టించేవి ఫోన్లలో దొరికే నకిలీలు. బొమ్మ చూస్తే మెరిసే రోబో, పైన 'స్ట్రాటజీ' అన్న మాట. లోపలికి వెళ్తే మూలన 'ఆటో' అనే మీట. అది నొక్కితే ఆట దానంతటదే ఆడుకుంటుంది, మనం చూస్తూ కూర్చోవాలి. అయిదు యుద్ధాలయ్యాక శక్తి అయిపోయింది, రేపు రమ్మంటుంది, లేదా డబ్బు కట్టమంటుంది. మంచి మెక్ కావాలా, పెట్టె కొను, అందులో ఏముందో తెరిచాకే తెలుస్తుంది. ఇదేం ఆట? పిల్లాడి తలను పక్కన పెట్టించి, వాళ్ళ నాన్న ఫోనులోని యూపీఐ వైపు చేయి చాచే బేరం ఇది. తాడేపల్లిగూడెం బస్టాండులో కుర్రాళ్ళు ఆటో నొక్కి ఫోను ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తుంటే నా కడుపు రగిలిపోతుంది.

ఈ నకిలీల వల్ల, డబ్బు పందేల వల్ల అసలు ఆటకు కూడా చెడ్డపేరు వచ్చింది. 2020లో మన ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది, 2025లో పార్లమెంటు డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటల మీద చట్టం చేసింది. రెండూ చేయాల్సిన పనులే, కుటుంబాలు కూలిపోయాయి మరి. కానీ ఇప్పుడు మా ఊళ్ళో తెర మీద ఏది కదిలినా పెద్దలకు జూదమే. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో 15 ఏళ్ళకే చదరంగంలో గ్రాండ్‌మాస్టర్ అయితే జిల్లాలన్నీ పొంగిపోయాయి. 2024 డిసెంబరులో ఆమె రెండోసారి మహిళల ప్రపంచ ర్యాపిడ్ విజేత అయినప్పుడు మళ్ళీ పొంగిపోయాం. నాలుగు ఎత్తుల ముందుకి చూడటం బల్ల మీదైతే విద్య, తెర మీదైతే వ్యసనమా? తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. తిట్టే ముందు పక్కన కూర్చుని అయిదు నిమిషాలు చూడండి. పిల్లాడు ఆగి ఆలోచిస్తున్నాడా, ఊరికే నొక్కుతున్నాడా? నొక్కుతుంటే ఫోను లాక్కోండి. ఆలోచిస్తుంటే టీ పెట్టి ఇవ్వండి.

హైదరాబాదులో బయటి దేశాల ఆటలకు బొమ్మలు గీసి పెట్టే తెలుగు కుర్రాళ్ళకు ఇంకో మనవి. గీత మీకు వచ్చు, కోడ్ మీకు వచ్చు, పులి-మేక మీ రక్తంలో ఉంది. ఇంటూ ద బ్రీచ్ చేయడానికి సైన్యం పట్టలేదు. తెలుగులో మాట్లాడే పైలట్‌లతో, మన గట్లూ కాలవలూ చెరువులూ గళ్ళుగా పరిచి, ఆటో మీట లేకుండా ఒక్క ఆట చేయండి. మొదటి కాపీ డబ్బు నేను ఇప్పుడే కడతాను.